బీడు భూముల వేసవి: తోట, చిట్టడవి, పచ్చిక బయళ్లలో జీవజాల పరిశీలన

1. ఉపోద్ఘాతం

వేసవిని ప్రకృతి స్తంభించే కాలంగా భావించడం సాధారణం. చెరువులు అడుగంటి, గడ్డి ఎండి, చెట్లు ఆకు రాల్చినప్పుడు నేల నిర్జీవంగా కనిపిస్తుంది. కాని తెలుగు ప్రాంతాల్లో అనేక జీవులకు ఇదే సంతానోత్పత్తి కాలం. అందువల్ల వేసవి పరిశీలకుడు "ఇక్కడ ఏముంది?" అని అడిగితే చాలదు, "ఇది ఇప్పుడే ఎందుకు జరుగుతోంది?" అని కూడా అడగాలి.

2. తోట: కోయిల, కాకి

మావిచిగురు తిని కోయిల పాడుతుందన్నది కవిసమయం. వాడుకలో ఆ పక్షి 'కోయిలమ్మ'. అయితే తోటలో వినిపించే 'కుహూ' రాగం మగ పక్షిది. అది నిగనిగలాడే నలుపు రంగులో, ఎర్రని కళ్లతో ఉంటుంది. ఆడ పక్షి గోధుమ వన్నెపై తెల్లని మచ్చలతో ఉంటుంది. దాని అరుపు 'కిక్ కిక్' అని కరకుగా వినిపిస్తుంది. పెద్ద కోయిలలకు ప్రధానాహారం పండ్లు.

ఈ రాగం వేసవిలోనే ఎక్కువగా వినిపించడానికి కారణం కాకి. కోయిల గూడు కట్టదు. కాకి గూట్లో గుడ్లు పెడుతుంది. కనుక దాని సంతాన కాలం కాకి గూడు కట్టే కాలాన్ని అనుసరిస్తుంది. కోయిల పిల్ల సాధారణంగా కాకి పిల్లల కంటె ముందే గుడ్డు నుండి వెలువడి, పెంపుడు తల్లి తెచ్చే మేతను ముందుగా అందుకుంటుంది.

3. చిట్టడవి: మోదుగు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగు దాదాపు ఆకులు లేకుండా పూస్తుంది. ఆకుల మరుగు లేనందున నిప్పు రంగు పూలు దూరానికే కనిపిస్తాయి. తేనెపిట్టలు, గోరువంకలు మకరందం కోసం ఆ చెట్లను చేరతాయి. ఒక చెట్టు దగ్గర ఉదయం గంటసేపు నిలిచి, వచ్చిన పక్షులను వరుసగా నమోదు చేసినా అది విలువైన సమాచారమే.

4. పచ్చిక బయలు: తీతువు

తీతువు అరుపును జనం అపశకునంగా భావిస్తారు. నిజానికది కాపలా కేక. ఈ పక్షి నేలపైనే చిన్న గుంట చేసి, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. సముద్రతీరాన గుడ్లు పెట్టిన టిట్టిభ దంపతుల పంచతంత్ర కథకు ఈ స్వభావమే ఆధారం. మచ్చల గుడ్లు గులకరాళ్లలో కలిసిపోతాయి. మండుటెండలో తల్లిదండ్రులు గుడ్లకు నీడనిస్తాయి. పొట్ట ఈకలను నీటిలో తడిపి వచ్చి వాటిని చల్లబరుస్తాయి. అంటే దగ్గరలోని చిన్న నీటిమడుగు కూడా గూటిలో భాగమే.

5. 'వ్యర్థభూమి' అన్న పేరు

2000లో తొలిసారి వెలువడిన భారతదేశ వ్యర్థభూముల అట్లాసులో పొదలున్న భూములు కూడా ఒక వర్గం. సాగు దృష్టితో చేసిన ఆ వర్గీకరణలో తీతువు గూటికి చోటు లేదు. చెత్త పోయడానికి, చదును చేయడానికి వేసవిలో ముందుగా ఎంచుకొనేది ఇటువంటి నేలనే. బట్టమేక పిట్ట కోసం 1988లో కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు గడ్డిభూమిని అభయారణ్యంగా ప్రకటించారు. సాధారణంగా ఒకే గుడ్డును నేలపై పెట్టే ఆ పక్షి నేడు అంతరించిపోయే తీవ్ర ప్రమాదంలో ఉంది. గడ్డిభూమి ఖాళీ స్థలం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

6. పరిశీలన పద్ధతి

తెల్లవారిన తొలి రెండు గంటలు, సాయంకాలం అనుకూల సమయాలు. తేదీ, వేళ, స్థలం, సంఖ్య, ప్రవర్తన తప్పక రాయాలి. చూసినదాన్ని, ఊహించినదాన్ని వేరువేరుగా నమోదు చేయాలి. అదే స్థలానికి ప్రతివారం వెళ్లి, కనిపించని జాతులను కూడా గుర్తించాలి. మార్పు తెలిసేది అప్పుడే. నేలగూటికి దగ్గరగా వెళ్లరాదు. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు, కాకుల కంటికి చిక్కుతాయి.

7. ముగింపు

కాకి గూడు కోయిల పాటకు కాలాన్ని నిర్ణయిస్తుంది. నీటిమడుగు తీతువు గుడ్లను కాపాడుతుంది. ఈ సంబంధాలు ఒకనాటి జాబితాలో కనిపించవు, క్రమబద్ధమైన నమోదులోనే వెల్లడవుతాయి. కళాశాల ఆవరణ వెనుక ఉన్న బీడును ఒక వేసవి పాటు ఇలా నమోదు చేస్తే, దాన్ని చదును చేయాలన్న ప్రతిపాదన వచ్చిన నాడు చూపడానికి ఒక ఆధారం ఉంటుంది.