రెండు నాణేలు చెప్పే రక్తం కథ

పిల్లలూ! రెండు రూపాయి బిళ్ళలు తీసుకొని ఒక్కసారిగా ఎగరవేయండి. ఏం పడ్డాయి? ఇలా వందసార్లు ఎగరవేసి లెక్క రాయండి. ఇంచుమించు 25 సార్లు రెండూ బొరుసే పడతాయి. ఈ లెక్కను గుర్తుంచుకోండి. ఒక రక్తవ్యాధి కథ ఇందులోనే ఉంది.

మన రక్తంలో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. అందులోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు వరుసగా ఉంటాయి. ఆరవ చోట గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ ఉంటే, ప్రాణవాయువు తగ్గినప్పుడు గుండ్రని ఎర్ర రక్తకణం వంగి, మనం జొన్న కోసే కొడవలిలా మారుతుంది. మామూలు కణం 120 రోజులు బతుకుతుంది. ఇది 10 నుంచి 20 రోజులే. అందుకే రక్తం తగ్గిపోతుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడితే ఎముకల్లో, కీళ్ళలో భరించలేని నొప్పి. ఇదే సికిల్ సెల్ వ్యాధి.

బీటా గొలుసు జన్యువు ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి మనకు వస్తుంది. రెండూ మారినవైతే వ్యాధి. ఒకటే మారినదైతే ఆ మనిషి వాహకుడు. అతడు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. పైగా వాహకులకు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపాడు. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అదే.

ఇప్పుడు నాణేలకు వద్దాం. భార్యాభర్తలిద్దరూ వాహకులనుకోండి. ఒక నాణెం తల్లి, ఒకటి తండ్రి. బొరుసు మారిన జన్యువు. రెండూ బొరుసు పడితే బిడ్డకు వ్యాధి. అంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి బిడ్డకు వచ్చింది గదా, ఇక రాదనుకోకూడదు. నాణేనికి జ్ఞాపకం లేదు! కోడలిని నిందించడం కూడా తప్పే. నాణేలు రెండు గదా!

మన రాష్ట్రంలో పాడేరు, అరకు ఏజెన్సీ గిరిజనుల్లో ఈ వ్యాధి ఉంది. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 40 ఏళ్ళలోపు వారు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయడం, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించడం దాని లక్ష్యాలు.

పాడేరెక్కడ, మన తొండూరెక్కడ అంటారా? తలసీమియా కూడా ఇదే లెక్కన వస్తుంది. మనవైపు మేనరికాలు మామూలే గదా. మేనమామకు తన తల్లి నుంచో తండ్రి నుంచో మారిన జన్యువు వచ్చిందనుకోండి. అది అతని అక్కకు ఉండే అవకాశం సగం, ఆమె కూతురికి నాలుగో వంతు. బయటి సంబంధంలో ఆ అవకాశం సాధారణంగా చాలా తక్కువ.

“ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూపు, పెళ్ళి కుదరదు” అనే మాట మీరు వినే ఉంటారు. ఒకే గ్రూపు కావడం వల్ల ఏ నష్టమూ లేదు. ఎ, బి, ఓ గ్రూపులు వేరు, ఈ జన్యువు వేరు. గ్రూపు చూస్తే ఇది తెలియదు. దీనికి వేరే రక్తపరీక్ష ఉంది.

వాహకుడు కావడం సిగ్గుపడవలసిన విషయం కాదు. వాహకుడు వాహకుడు కాని వారిని పెళ్ళాడితే పిల్లలకు ఈ వ్యాధి రాదు. ఇద్దరూ వాహకులైతే ముందుగా డాక్టరు సలహా తీసుకోవాలి. మీ ఇంట్లో పెళ్ళిమాట వచ్చినప్పుడు, జాతకాలతోపాటు ఈ పరీక్ష సంగతీ పెద్దలకు చెప్పండి. ఆ రెండు బిళ్ళలు చేతికిచ్చి ఎగరవేయమనండి. లెక్క వారికే తెలుస్తుంది.