గులాబీ వాసన గల ఆల్కహాల్: డ్రమ్ము కొనేవారు చూడవలసిన అంకెలు

సుగంధ రసాయనాల వర్తకంలో పి.ఇ.ఎ. అనే పొట్టి పేరుతో చెలామణి అయ్యే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ లేనిదే గులాబీ సబ్బు లేదు, గులాబీ అగరువత్తి లేదు, చవక రకం గులాబీ సెంటు అసలే లేదు. సాధారణంగా 200 కిలోల డ్రమ్ములలో వచ్చే ఈ సరకును చాలామంది మూత తీసి వాసన చూసి కొంటారు. వాసన మెత్తనిది, కల్తీని తేలికగా బయటపెట్టదు. నష్టం వచ్చేది అక్కడే.

పేరులో ఆల్కహాల్ వున్నంత మాత్రాన ఇది సారాయి జాతిది కాదు. తాగేందుకు పనికిరాదు, స్పిరిట్‌లా భగ్గున అంటుకోదు. రంగు లేని ద్రవం. సుమారు 220 డిగ్రీల సెంటిగ్రేడ్ వద్ద మరుగుతుంది. నీటికంటె ఒక పిసరు బరువు. సారాయిలో, నూనెలలో బాగా కలుస్తుంది. నీటిలో మాత్రం నూటికి సుమారు రెండు పాళ్ళు మించి కరగదు.

ఆ రెండు పాళ్ళే గులాబీ వ్యాపారాన్ని తలకిందులు చేశాయి. గులాబీ రేకులలో ఈ పదార్థం సమృద్ధిగా వున్నది. కాని రేకులను నీటితో కాచి ఆవిరి పట్టినప్పుడు ఇది నూనెలోకి పోక నీటిలో నిలిచిపోతుంది. అందువల్ల బల్గేరియా రకం అసలు గులాబీ నూనెలో దీని పాలు నూటికి మూడు అటూ ఇటూ మాత్రమే. పన్నీరు వాసనలో పెద్ద భాగం దీనిదే. అదే రేకులనుంచి ద్రావకంతో తీసిన గులాబీ ‘అబ్సొల్యూట్’లో సగానికి పైగా ఇదే వుంటుంది. కనుక ఆవిరి పట్టిన అసలు నూనె అని చెప్పి అమ్మజూపే సరకులో పి.ఇ.ఎ. పాతిక శాతం తేలిందంటే బేరం అక్కడితో ఆపుకోవచ్చు. అబ్సొల్యూట్‌లో అదే పాతిక శాతం తేలితే తక్కువైందని అనుమానించాలి. రిపోర్టు చదివే ముందు సరకు ఏ పద్ధతిలో తీసినదో అడగని వర్తకుడు రెండు విధాలా మోసపోతాడు.

డ్రమ్ములలో వచ్చేది పువ్వు మొహం చూసినది కాదు. బెంజీన్‌ను ఇథిలీన్ ఆక్సైడ్‌తో అల్యూమినియం క్లోరైడ్ సమక్షంలో కలిపి చేయడం పాత పద్ధతి. స్టైరీన్ ఆక్సైడ్‌కు హైడ్రోజన్ చేర్చి చేయడం మరొకటి. ఈ ముడి సరకులన్నీ పెట్రోలియం బాపతు. అందుచేత దీని ధరకు పూల పంటతో నిమిత్తం లేదు, బెంజీన్, స్టైరీన్ ధరలను చూడాలి. క్లోరైడ్ పద్ధతిలో చేసి సరిగా శుద్ధి చేయని సరకులో లోహపు వాసన వంటి వెగటు మిగులుతుంది. అగరువత్తులకు అది చెల్లుతుందేమో గాని సెంట్లకు చెల్లదు.

సబ్బు తయారీదారులు దీనిని వదలకపోవడానికి చవకదనం ఒక్కటే కారణం కాదు. సబ్బులోని క్షారానికి తట్టుకోలేక కొన్ని సుగంధాలు రంగు మారతాయి, వాసన విరుగుతాయి. ఇది నిలబడుతుంది. క్రిములను అడ్డగించే గుణం కూడా వున్నందున కొన్ని కంటి మందులలో నిలవ వుంచే పదార్థంగా స్వల్పంగా వాడతారు. మిఠాయిలు, షర్బతుల ఎసెన్సులలోనూ చేరుతుంది.

ఇక కల్తీ. తరచు కలిపేవి మూడు: డై ఇథైల్ థాలేట్, డై ప్రొపిలీన్ గ్లైకాల్, బెంజైల్ ఆల్కహాల్. మూడింటికీ వాసన అంతంతమాత్రమే. అసలు సరకు సాంద్రత 25 డిగ్రీల వద్ద 1.017 నుంచి 1.020 లోపు, వక్రీభవన గుణకం 20 డిగ్రీల వద్ద 1.531 నుంచి 1.534 లోపు వుండాలి. థాలేట్ సాంద్రత 1.12 దాకా వుంటుంది గనుక పదో వంతు కలిపినా హైడ్రోమీటరే పట్టిస్తుంది. ఒక మిల్లీలీటరు సరకు 60 మిల్లీలీటర్ల నీటిలో తేటగా కరగాలి. థాలేట్ వుంటే నీరు తెల్లబారుతుంది. గ్లైకాల్ గడుసుది. దాని సాంద్రత కూడా ఇంచుమించు 1.02, పైగా నీటిలో పూర్తిగా కలిసిపోతుంది. అయితే దాని వక్రీభవన గుణకం 1.44 మాత్రమే కావడంతో రిఫ్రాక్టోమీటరు ముందు నిలవదు.

బెంజైల్ ఆల్కహాల్ వద్ద ఈ పరికరాలు చేతులెత్తేస్తాయి. పదో వంతు కలిపినా సాంద్రత, గుణకం రెండూ హద్దులలోనే వుండిపోవచ్చు. గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ పరీక్ష తప్ప దారి లేదు. ఎగుమతిదారులకు ఇది ధరతో పోయే సంగతి కాదు. యూరపు దేశాలలో బెంజైల్ ఆల్కహాల్ అలర్జీ కలిగించగల సుగంధాల జాబితాలో వున్నది. ఒంటికి రాసి వుంచుకునే వస్తువులలో 0.001 శాతం, కడిగివేసే వాటిలో 0.01 శాతం మించితే దాని పేరు లేబులుపై అచ్చు వేయాలి. తెలియక కలిసిన సరకుతో చేసిన సబ్బు అక్కడ తప్పుడు లేబులు కింద చిక్కుకుంటుంది.

‘నేచురల్’ అన్న మాటకు వేరే ధర వున్నది. ఈస్టును పెంచి ఫినైల్ అలనిన్ నుంచి పులియబెట్టి తీసిన పి.ఇ.ఎ.ను ఆహార ఎసెన్సుల వారు అనేక రెట్లు ఎక్కువకు కొంటారు. రెండింటి అణువూ ఒక్కటే కావడంతో సాంద్రత, గుణకం తేడా చూపవు. పెట్రోలియం సరకులో కార్బన్-14 వుండదు. ఆ పరీక్ష కాగితం అడగకుండా ఈ ధర ఇవ్వడం దానం చేయడమే.

భద్రత విషయానికి వస్తే, ఎసెన్సులలో వాడే కొద్దిపాటి మోతాదులో దీనిని సురక్షితంగానే పరిగణిస్తున్నారు. అమెరికాలో సువాసన పదార్థంగా దీనికి ఫెమా నంబరు 2858. చిక్కని సరకు సంగతి వేరు. మింగితే హాని, కంట్లో పడితే తీవ్రమైన మంట. గర్భంతో వున్న ఎలుకల చర్మానికి భారీ మోతాదులలో పూసినప్పుడు పిల్లలలో లోపాలు కనిపించాయి. మామూలు వాడకం ఆ మోతాదుకు చాలా దిగువన వున్నప్పటికీ డ్రమ్ములు వంచి పోసే కూలీలకు చేతి తొడుగులు, కళ్ళద్దాలు ఇవ్వవలసిందే. కంట్లో చింది పడితే పదిహేను నిమిషాలపాటు నీళ్ళతో కడిగి వైద్యునికి చూపాలి. పారిశ్రామిక రకం డ్రమ్మునుంచి షర్బతు ఎసెన్సుకు తీసి ఇవ్వడం వాసన ఒకటే కదా అని కొందరు చేసే పని. ఆహార రకానికి వేరే సర్టిఫికెట్టు, వేరే డ్రమ్ము వుండాలి.

నిలవలో తొందర అక్కరలేదు, కాని సగం ఖాళీ అయిన డ్రమ్ములోని గాలి తగిలి సరకు మెల్లగా ఫినైల్ అసెటాల్డిహైడ్‌గా మారుతుంది. అప్పుడు గులాబీకి బదులు పచ్చి ఆకు, తేనె కలిసినట్టు ఘాటు వాసన వస్తుంది. మిగిలిన సరకును చిన్న డబ్బాలలోకి అంచుదాకా నింపి, బిగుతుగా మూసి, ఎండ తగలని చోట వుంచడం మేలు.