మందుల వెలలో లంచము

పెనుగొలను రైతు సంతలో ఎద్దును గొనునప్పుడు పండ్లు చూచును, నడక చూచును, నలుగురి నడిగి వెల కట్టును. ఆ రైతే, బిడ్డకు జ్వరము తగిలిననాడు, వైద్యుడు వ్రాసియిచ్చిన చీటీతో తిరువూరునకు బోయి, అడిగినంత సొమ్మిచ్చి, మారుమాటాడక మందు తెచ్చుకొనును. ఇది అతని తెలివితక్కువ గాదు. మందు నెన్నుకొనువాడు వైద్యుడు. వెల యిచ్చువాడు రోగి. సరకుమర్మ మెరిగినవాడు వర్తకుడు. ఈ మువ్వురి నడుమనున్న సందుననే లంచము ప్రవేశించుచున్నది.

ఔషధసంస్థలు వైద్యులకు కానుకలను, విహారయాత్రలను సమకూర్చుట చిరకాలపు దురాచారము. వానిని స్వీకరింపరాదని భారత వైద్యమండలి 2009లో నియమము చేసినది. అయినను సంస్థలు ఆ ఖర్చును వ్యాపారవ్యయముగా జూపి ఆదాయపుపన్నులో తగ్గింపు గోరినవి. 2022 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు ఆ కోరికను త్రోసిపుచ్చుచు, కానుకల ఖర్చు మందుల వెలలో జేరి రోగిపైననే పడుచున్నదని గుర్తించినది. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వమొక నియమావళిని ప్రకటించినది గాని, ఫిర్యాదుల విచారణను మొదట ఔషధసంస్థల సంఘములకే విడిచినది. తన తప్పును తానే తూచువాని త్రాసు ఎటు మొగ్గునో వేరుగ జెప్పవలయునా?

ప్రభుత్వము రాశులుగా గొనునప్పుడు ప్రమాదము మరింత హెచ్చు. కార్మికులకు వైద్యసహాయము గల్పించు ఉద్యోగుల రాజ్య భీమా పథకము 1948 నాటి చట్టముచే నేర్పడినది. దాని నిధికి కార్మికుని జీతమునుండియే కొంత పోవుచున్నది. ఈ పథకపు మందుల కొనుగోళ్లలో అక్రమములు జరిగెనను అభియోగముపై 2019 సెప్టెంబరులో తెలంగాణమున శాఖాసంచాలకురాలిని, 2020 జూనులో ఆంధ్రప్రదేశమున మాజీ కార్మికమంత్రిని అవినీతినిరోధకశాఖ నిర్బంధించినది. నేరనిర్ణయము న్యాయస్థానముల పని. కాని బహిరంగముగా టెండర్లు పిలువక హెచ్చువెలలకు మందులు కొనిరను మాట యొక్కటియే ప్రజలను మేల్కొలుపుటకు చాలును. కంచెయే చేను మేసినచో కాపున కెవరు దిక్కు?

చికిత్స లేని రోగము గాదిది. తమిళనాడు 1994లో వైద్యసేవల కార్పొరేషనును స్థాపించి, బహిరంగముగా టెండర్లు పిలిచి, కొన్న మందులను పరీక్షింపించి, ప్రతి ఆసుపత్రికిని పాసుపుస్తక మిచ్చి సరఫరా చేయుచున్నది. ఏ మందు ఏ వెలకు కొనబడినదో, ఎవరికెంత చేరినదో లెక్క తెలియుచోట లంచమునకు చోటు తగ్గును.

చదువుకొన్న గ్రామపెద్దలును, పట్టణవాసులును చేయదగిన పనియు గలదు. మందుకొన్న ప్రతిసారియు రసీదు నడుగుడు. వ్యాపారనామమునకు బదులు మందుయొక్క అసలు పేరు వ్రాయుమని వైద్యుని గోరుడు. అదే మందు జనౌషధి దుకాణమున నేమి వెలకు దొరకునో విచారింపుడు. మీ ఆసుపత్రికి వచ్చిన మందుల పట్టికను, వాని వెలలను గోడపై నంటింపుమని పట్టుబట్టుడు. చదువురాని పొరుగువాని పక్షమునను ఈ ప్రశ్న మీరే వేయవలయును.

ఎద్దు వెల నడుగ నేర్చినవారము. బిడ్డ ప్రాణము నిలుపు మందు వెల నడుగుటకు జంకనేల?