ఒకే పేజీలో ఇద్దరు కెప్టెన్లు

కాలరు ఎత్తి నడిచొచ్చే జైసింహ ముందు ఆటోగ్రాఫ్ పుస్తకం చాపాలంటే ఎంత ధైర్యం కావాలో! రంజీ సీజన్‌కు ముందు హైదరాబాద్‌లో జరిగే మొయినుద్దౌలా గోల్డ్ కప్ పిల్లలకు ఆ అవకాశమిచ్చేది. 1930-31లో మొదలైన టోర్నీ అది. టెస్టులప్పటి తోపులాట ఇక్కడ తక్కువ.

పటౌడీ, జైసింహ సంతకాలు ఒకే పేజీలో దొరికితే పండగే. భారత జట్టుకు పటౌడీ కెప్టెన్, జైసింహ ఆటగాడు. హైదరాబాద్ జట్టులోనేమో జైసింహ కెప్టెన్, పటౌడీ ఆయన కింద ఆడేవారు! మరి ఎవరి సంతకం పైనుండాలి?

కోడేరు లాంటి ఊళ్ల పిల్లలకైతే రేడియో కామెంటరీయే దిక్కు. సంతకం కావాలంటే అమ్మానాన్నలను ఒప్పించాలి, పట్నం బస్సెక్కాలి, చుట్టాలింట్లో దిగాలి.

సెల్ఫీలొచ్చాక పుస్తకాలు అటకెక్కాయి. 1999లో జైసింహ, 2011లో పటౌడీ కన్నుమూశారు. ఆ పేజీ ఉన్నవాళ్లు మాత్రం దాన్ని ఎవరి చేతికీ ఇవ్వరు.