గోదావరి ఎక్కడ ఆగుతుంది?

పిల్లలూ! ముప్ఫై అయిదేళ్ళు నేను బడిలో భూగోళం చెప్పాను. నల్లబల్ల మీద గోదావరిని ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. త్ర్యంబకం దగ్గర ఒక చుక్క పెట్టి, సుద్దముక్కను వంకరటింకరగా తూర్పుకు లాక్కువచ్చి, ధవళేశ్వరం దిగువన పాయలు చీల్చి, సముద్రపుటంచున టక్కున ఆపేవాణ్ణి. "1465 కిలోమీటర్లు నడిచి నది ఇక్కడ అయిపోయింది. ఇక్కడినుంచి సముద్రం" అనేవాణ్ణి. ఇంత ధైర్యంగా చెప్పానే గాని, ఆ చోట నిలబడి చూచిన పాపాన పోలేదు.

ఉద్యోగం ముగిసి ఇంట్లో కూర్చున్నాక ఆ లోటు నన్ను పొడుస్తూనే ఉన్నది. సంక్రాంతి వెళ్ళిన తరువాత వచ్చిన పౌర్ణమికి, అయిదో తరగతి చదివే నా మనుమరాలిని వెంటబెట్టుకుని, సికిందరాబాదునుంచి అంతర్వేదికి బయలుదేరాను. అక్కడ ఒక్క రాత్రి మకాం. పెద్ద సామానేమీ లేదు; ఒక సంచీ, రెండు దుప్పట్లు, ఒక ఖాళీ సీసా. సీసా ఎందుకో తరువాత చెబుతాను.

రాత్రి భోజనం చేసి రైలెక్కి పడుకుంటే బెజవాడ ఎప్పుడు దాటిందో తెలియలేదు. కళ్ళు తెరిచేసరికి భీమవరం, ఆ తరువాత పాలకొల్లు. కిటికీకి రెండు వైపులా వరిచేలు, చేపల చెరువులు, కొబ్బరితోటలు. పిల్ల చాలాసేపు చూచి, "తాతయ్యా, ఇక్కడి రాళ్ళన్నీ ఎవరు ఏరేశారు?" అన్నది. నవ్వకండి. మన సికిందరాబాదులో ఎటు చూచినా బండలే. మౌలాలి గుట్ట చూచిన కళ్ళకు రాయిలేని నేల వింతే మరి! ఆ ప్రశ్న గుర్తుంచుకోండి.

నరసాపురంలో దిగాము. లేసు అల్లికకు పేరుపడ్డ ఊరు ఇది. రేవు ఉన్న మాధవాయిపాలెం ఒకనాడు ఇంతకంటె ప్రసిద్ధి. ఇంగ్లీషు కంపెనీవారు ఇక్కడ నేత బట్టలు కొని ఓడలకెత్తేవారు. ఆ ఊరి పేరే నోరు తిరగక 'మదపొల్లం' అని పలికి, ఒక రకం నూలుబట్టకు పెట్టుకున్నారు. ఇప్పటికీ బట్టల నిఘంటువుల్లో ఆ మాట ఉన్నది. ఇప్పుడక్కడ ఓడలు లేవు, పంటు ఉన్నది. పంటు అంటే బల్లపరుపుగా ఉండే పెద్ద పడవ. మనుషులు, సైకిళ్ళు, కార్లు, అన్నీ ఎక్కుతాయి. వశిష్ఠ గోదావరిని దాటించి అవతల సఖినేటిపల్లిలో దింపుతుంది.

పంటు నది మధ్యకు వచ్చినప్పుడు మా అమ్మాయి చెయ్యి చాచి, ఒక్క చుక్క నీళ్ళు నాలుకకు అంటించుకుని, వెంటనే ఉమ్మేసి, "ఉప్పు!" అన్నది. సముద్రం ఇంకా కనుచూపు మేరలో లేదు. నేను తెల్లబోయాను. పంటు నడిపే అతను నవ్వి, "ఆయ్, ఉప్పేనండి మాస్టారూ. ఇది పోటు వేళండి. ఎండాకాలం ఇంకా పైకెక్కుతుందండి. అదే శ్రావణంలో వరదొచ్చిందనుకోండి, సముద్రంలో కూడా ఎర్రనీళ్ళేనండి" అన్నాడు.

ముప్ఫై అయిదేళ్ళు నేను గీసిన గీత ఆ మాటతో చెరిగిపోయింది. సముద్రం నదిలోకి వస్తుంది. నది సముద్రంలోకి పోతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. చంద్రుడు, సూర్యుడు సముద్రపు నీటిని తమవైపు లాగడంవల్ల ఈ హెచ్చుతగ్గులు. పౌర్ణమికి, అమావాస్యకు ఇద్దరూ ఒకే వరుసలో లాగుతారు కనుక పోటు ఎక్కువ. మన తీరంలో అది మీటరు, మీటరున్నర లేస్తుంది. ఇంతేనా అనుకోకండి. నేల చదరంగా ఉన్నచోట మీటరు నీళ్ళు కోసుల దూరం పాకుతాయి.

అంతర్వేది చేరి దేవస్థానంవారి సత్రంలో సంచీ పడవేసి లక్ష్మీనరసింహస్వామి గుడికి వెళ్ళాము. కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. హిరణ్యాక్షుని కొడుకు రక్తవిలోచనుడు. వాడి నెత్తురు నేల మీద పడి ఎన్ని ఇసుక రేణువులను తడిపితే అంతమంది రక్తవిలోచనులు పుట్టేలా వరం పొందాడు. వశిష్ఠ మహర్షి మొరపెట్టుకుంటే నరసింహుడు వచ్చాడు. నెత్తురు నేల తాకకుండా మాయాశక్తి అడ్డుపడితేగాని వాడు చావలేదు. ఆ మాయాశక్తినే అశ్వరూఢాంబిక అని అక్కడ కొలుస్తారు. ఈ కథ మొదట చెప్పినవాడెవరో గాని, ఆ ఇసుకలో నడిచినవాడే అయి ఉండాలి. కాలు పెట్టిన ప్రతిచోటా రేణువులే!

ఇప్పుడున్న గుడిని 1823లో పూర్తి చేయించినవాడు కొపనాతి కృష్ణమ్మ. ఆడమనిషి అనుకునేరు, మగవాడే. బెండమూర్లంకకు చెందిన ఓడల వర్తకుడు. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి ఇక్కడ రథోత్సవం జరుగుతుంది. 2020 సెప్టెంబరులో ఒక రాత్రి ఆ పాత రథం మంటల్లో కాలిపోయింది. కొన్ని నెలల్లోనే కొత్తది చెక్కి, 2021 ఫిబ్రవరిలో రథసప్తమినాడు లాగారు. గుడి దగ్గర పూలమ్మే ముసలమ్మ ఆ సంగతి చెబుతూ, "రథం కొత్తదే బాబూ, లాగే వీధి అదే" అన్నది.

మధ్యాహ్నం చల్లబడ్డాక అసలు పనికి బయలుదేరాము. ఏటి పక్కనే ఇసుకలో నడిచి నది, సముద్రం కలిసే చోటికి చేరాము. అప్పుడు ఆటు. నీరు వెనక్కు తీసి, ఇసుకమేట ఒకటి వీపు పైకెత్తి కనబడుతున్నది. దానికి ఒక పక్క నీరు తేట, రెండో పక్క మట్టిరంగు. దీన్ని అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. సముద్రుడు అన్న, గోదారి చెల్లెలా? ఇంకేదైనా కథ ఉన్నదా? అడిగిన ప్రతివారూ ఒక్కో రకంగా చెప్పారు. పేరు మాత్రం బాగున్నది. పక్కపక్కనే ఉంటారు, కలిసి ఉంటారు, మధ్యలో గట్టు కూడా ఉంటుంది. ఇంట్లో తోబుట్టువులున్న మీకు వేరే చెప్పాలా?

జపాను దేశంలో, ఇసే అనే పుణ్యక్షేత్రం దగ్గర, ఫుతామి తీరాన నీళ్ళలో రెండు రాళ్ళున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాటిని ఆలుమగలంటారు. రెండింటినీ గడ్డితో పేనిన లావుపాటి మోకుతో కలిపి కట్టారు. ఉప్పుగాలికి, అలలకు ఆ మోకు చివికిపోతుంది కనుక ఏడాదికి మూడుసార్లు కొత్తది కడతారు. వేసవిలో ఆ రాళ్ళ నడుమనుంచి సూర్యోదయం చూడడానికి జనం ముందురోజే వచ్చి, అక్కడ ఒక రాత్రి గడుపుతారు, అచ్చం మేము వచ్చినట్టే. ఇసేలోని ప్రధాన ఆలయాన్ని ఇరవై ఏళ్ళకొకసారి అదే కొలతలతో, కొత్త కొయ్యతో మళ్ళీ కడతారు. 2013లో కట్టారు, మళ్ళీ 2033లో కట్టాలి. మన పూలమ్మే ముసలమ్మకు ఈ సంగతి చెబితే ఏమీ ఆశ్చర్యపడదు. కాని వారి ఆలుమగలు రాళ్ళు. మన అన్నాచెల్లెళ్ళు ఉత్త ఇసుక. రాయి కదలదు, ఇసుక నిలవదు. మోకులు కట్టి ఆపే వీలు లేదు.

ఆ మట్టిరంగు నీటిని సీసాలో నింపుకున్నాము. ఇక ఆ రాళ్ళ ప్రశ్నకు వద్దాము. మీరు ఇంట్లోనే ఒక పని చెయ్యండి. వినాయకచవితికి బొమ్మ చేసే బంకమన్ను కొద్దిగా తెచ్చి నీళ్ళలో బాగా కలిపి, రెండు గాజుగ్లాసుల్లో సమంగా పొయ్యండి. ఒక గ్లాసులో రెండు చెంచాల ఉప్పు వేసి కలపండి. రెండింటినీ కదపకుండా ఉంచండి. ఉప్పు వేసిన గ్లాసు ముందు తేరుకుంటుంది. ఎందుకంటే, బంకమట్టి రేణువులన్నీ ఒకే జాతి విద్యుత్తు పూసుకుని ఉంటాయి. ఒకదాన్నొకటి దూరంగా తోసుకుంటూ నీటిలో తేలుతుంటాయి. ఉప్పు ఆ తోపుడును తగ్గిస్తుంది. అప్పుడు రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, అడుగుకు దిగుతాయి.

నది వేగం తగ్గినచోట ఇసుక ఆగుతుంది. ఉప్పునీరు తగిలినచోట మట్టి దిగుతుంది. వేల ఏళ్ళు అలా దిగిన మట్టే కోనసీమ. మహారాష్ట్రలో అరిగిన కొండ, మన తెలంగాణలో కరిగిన చెలక, వరదతో వచ్చి ఇక్కడ నేల అయినవి. రాళ్ళను ఎవరూ ఏరెయ్యలేదు. పొడి చేసి తెచ్చింది గోదావరి. ఇంకో మాట. మన సికిందరాబాదు కుళాయిల్లోకి వచ్చే మంజీర నీళ్ళున్నాయే, ఆ మంజీర గోదావరికి ఉపనది. మీరు ఇవాళ తాగిన గ్లాసెడు నీళ్ళు, పట్టుకోకుండా వదిలి ఉంటే, అన్నాచెల్లెళ్ళ గట్టు దాటి పోవలసినవి.

సాయంకాలం ఇసుకలో కూర్చుని కొబ్బరిబొండాలు తాగాము. సూర్యుడు ఏటివైపు దిగుతుంటే, వెనకనుంచి, తోటలమీదుగా, చంద్రుడు లేచాడు. అంతసేపు మేమిద్దరమూ మాట్లాడుకోలేదు. ఆ పిల్ల అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నేను ఎరుగుదునంటే అబద్ధమే. చీకటిపడ్డాక నీరు మళ్ళీ పైకి పాకింది. మధ్యాహ్నం మేము నడిచిన అడుగులు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. సత్రంలో పడుకున్నా ఆ హోరు వినిపిస్తూనే ఉన్నది.

తెల్లవారుజామున లేచి పల్లిపాలెం వైపు నడిచాము. చలికాలం కావడంవల్ల సూర్యుడు నేరుగా సముద్రంలోనుంచే లేచాడు. చూడవలసిన దృశ్యమే, కాని నా చూపు వేరేచోట చిక్కుకున్నది. గట్టు కోసుకుపోయి, కొబ్బరిచెట్ల వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. రెండు చెట్లు అప్పటికే అలల్లో పడి ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన, అలలు విరుగుతున్న చోటు చూపించి, "మా నాన్న వల ఆరబెట్టింది అక్కడండి" అన్నాడు. ఈ మాసాల్లోనే సముద్రపు తాబేళ్ళు ఒడ్డెక్కి, ఇసుక తవ్వి గుడ్లు పెడతాయట. గట్టు నిటారుగా తెగినచోట అవి ఎక్కలేక తిరిగిపోతాయని కూడా ఆయనే చెప్పాడు.

కారణం ఒకటే అనను. అలల తీరు మారుతుంది, తుఫానులు వస్తాయి, సముద్రమట్టం పెరుగుతున్నది. కాని మట్టి సంగతి మనకు ఇప్పుడు తెలుసు గదా. పైన జయక్వాడి, శ్రీరామసాగరం మొదలైన జలాశయాల్లో నీరు నిలుస్తుంది. నిలిచిన నీటిలో మట్టి అక్కడే దిగిపోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలను ఏళ్ళవారీగా పోల్చి, గోదావరి డెల్టా అంచు పెరిగినదానికంటె తరిగిందే ఎక్కువని తేల్చారు. అలాగని ఆనకట్టలను తిట్టలేను. అవి లేకపోతే పొలాలు ఎండుతాయి, మన కుళాయి కూడా ఎండుతుంది. కుళాయి తిప్పినప్పుడల్లా ఆ చెట్ల వేళ్ళు మాత్రం నాకు గుర్తుకొస్తున్నాయి.

మీరు వెళితే ఒక జాగ్రత్త. స్నానానికి సరిగ్గా ఏరు కలిసేచోట దిగకండి. పైకి నెమ్మదిగా కనిపించినా, ఆటు వేళ ఏరూ సముద్రమూ కలిసి లోపలికి లాగేస్తాయి. ఊరివాళ్ళు చూపించిన చోటనే, పెద్దల చెయ్యి పట్టుకుని మునగండి.

ఆ రాత్రి రైలుకే తిరిగి వచ్చేశాము. సీసా మా కిటికీ గట్టుమీద ఉన్నది. నీరు తేరుకున్నది, అడుగున గోరుమందం మట్టి. దాని పక్కనే కూర్చుని మా అమ్మాయి బడికోసం గోదావరి పటం గీస్తున్నది. త్ర్యంబకం దగ్గరనుంచి బాగానే వచ్చింది. సముద్రం అంచుకు వచ్చేసరికి పెన్సిలు ఆపి, "గీత ఎక్కడ గియ్యను తాతయ్యా?" అన్నది.

"గీత వద్దు, చుక్కలు పెట్టు" అన్నాను.

"సరే. ఆటు వేళవా, పోటు వేళవా?"