ఇంటి తలుపు, ఇంటర్‌నెట్ తలుపు
కుటుంబ సమాచారం - ఇస్లామీయ మర్యాద

ఇతరుల ఇళ్ళలో ప్రవేశించే ముందు అనుమతి కోరాలనీ, ఇంటివారికి సలాం చెప్పాలనీ దివ్యఖుర్‌ఆన్ విశ్వాసులను ఆదేశించింది. తిరిగి వెళ్ళమంటే నొచ్చుకోకుండా వెళ్ళిపోవాలని కూడా నేర్పింది (అన్నూర్: 27, 28). ఈ నియమాన్నే ఇస్తీజాన్ అంటారు. దీని అంతరార్థాన్ని మహాప్రవక్త (సల్లం) ఒక సందర్భంలో విశదపరిచారు. ఒక వ్యక్తి సందులోంచి ఆయన ఇంటిలోనికి తొంగి చూశాడు. అప్పుడు ఆయన ఆ వ్యక్తిని తీవ్రంగా మందలించి, అనుమతి అనే నియమం ఏర్పడిందే చూపును దృష్టిలో ఉంచుకొని అని తెలియజేశారు. ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. అంటే గడప దాటి కాలు పెట్టడమే కాదు, కన్ను లోపలికి వెళ్ళడం కూడా ప్రవేశమే.

నేడు అనేక ఇళ్ళలో వీధి తలుపు వేసే ఉంటుంది. కాని పసిబిడ్డ స్నానం, అఖీఖా విందు, అమ్మాయి పాఠశాల దుస్తులు, అబ్బాయి మార్కుల పట్టిక, నానీ ఆసుపత్రి మంచం, అన్నీ సెల్‌ఫోన్ ద్వారా బయటికి వెళుతున్నాయి. బయటివాడు తొంగి చూడనక్కరలేదు. ఇంటివారే తలుపు తీసి చూపిస్తున్నారు. ఇందులో ఏది మేలు, ఏది హద్దు మీరడం అన్నది ప్రతి ముస్లిం కుటుంబం ఆలోచించవలసిన విషయం.

ఈ సేవలు ఎందుకు పుట్టాయి?

తల్లిదండ్రుల కోసం, కుటుంబాల కోసం ఇంటర్‌నెట్‌లో నడిచే సేవలు నిజమైన అవసరం నుండే పుట్టాయి. పూర్వం బిడ్డకు జ్వరం వస్తే దాదీ ఉండేది, పాలు చాలకపోతే సలహా చెప్పడానికి ఖాలా ఉండేది. ఉమ్మడి కుటుంబాలు విడిపోయాక ఆ సలహా దూరమయింది. అమెరికాలో 1997లో బేబీసెంటర్, బ్రిటనులో 2000లో మమ్స్‌నెట్ వంటి వెబ్‌సైట్లు వెలిశాయి. తొలిసారి తల్లి అయిన స్త్రీ అర్ధరాత్రి తన సందేహాన్ని రాస్తే, ఎక్కడో ఉన్న మరొక తల్లి జవాబు రాసేది. తరువాత 2004లో ఫేస్‌బుక్, 2009లో వాట్సాప్ వచ్చాయి. కుటుంబ సభ్యులంతా ఒకే చోట మాట్లాడుకునే గ్రూపులు ఇంటింటి అలవాటయ్యాయి.

తెలుగు ముస్లిం కుటుంబాలకు ఈ సౌకర్యం విలువ చెప్పనక్కరలేదు. నిజామాబాదు, కరీంనగర్, కడప ప్రాంతాల నుండి ఎందరో గల్ఫు దేశాలకు ఉపాధి నిమిత్తం వెళ్ళారు. ఒకప్పుడు ఉత్తరం కోసం వారాల తరబడి ఎదురుచూసిన ఇల్లాలు, నేడు బిడ్డ తొలి అడుగును కువైట్‌లోని తండ్రికి ఆ క్షణాననే చూపగలుగుతోంది. బంధుత్వాన్ని కలిపి ఉంచడం, అంటే సిలయె రహ్మీ, ఇస్లాంలో గొప్ప సత్కార్యం. దానికి తోడ్పడే సాధనాన్ని కేవలం కొత్తదన్న కారణంతో నిందించడం సరికాదు.

ఇతరులను అడిగి తెలుసుకోవడం కూడా తప్పు కాదు. ధర్మజ్ఞానం నేర్చుకోవడానికి సిగ్గు అడ్డురానివ్వని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించారు. బిడ్డకు పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో నిర్ణయించుకోవచ్చునని దివ్యఖుర్‌ఆన్ తెలిపింది (అల్‌బఖర: 233). పిల్లల పెంపకంలో సంప్రదింపుకు ఉన్న స్థానం దీనివల్ల బోధపడుతుంది. కాబట్టి ప్రశ్న సాధనాన్ని గురించి కాదు. దానిని వాడే మర్యాదను గురించి.

ఉచితం అనేది ఎంతవరకు నిజం?

ఇటువంటి సేవలలో చాలావాటికి డబ్బు చెల్లించనక్కరలేదు. అయితే వాటిని నడపడానికి కోట్ల ఖర్చు అవుతుంది. ఆ ఖర్చు ప్రధానంగా ప్రకటనల ద్వారా తిరిగి వస్తుంది. ఎవరింట్లో ప్రసవం కానున్నదో, ఎవరి బిడ్డ వయస్సు ఎంతో, ఏ కుటుంబం ఏ ఊరిలో ఉన్నదో తెలిస్తే, ఏ వస్తువు ప్రకటన ఎవరికి చూపాలో వ్యాపారికి తెలుస్తుంది. కనుక ఇంటి సమాచారమే ఇక్కడ సరుకు.

ఇది ఊహ కాదు. సంతానం కోరుకునే స్త్రీలు తమ నెలసరి వివరాలు రాసుకునే ప్రీమమ్ అనే యాప్, ఆ సమాచారాన్ని వారికి చెప్పకుండా ఇతర సంస్థలకు అందజేసిందని 2023లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘం అభియోగం మోపింది. ఆ కేసు పరిష్కారంలో సంస్థ 1,00,000 డాలర్ల జరిమానాకు ఒప్పుకొన్నది. అలాగే కుటుంబ సభ్యులు ఎక్కడున్నారో ఒకరికొకరికి తెలిపే లైఫ్360 అనే సేవ, తన వినియోగదారుల స్థాన సమాచారాన్ని ఇతర వ్యాపార సంస్థలకు అమ్ముతోందని 2021 డిసెంబరులో అక్కడి పత్రికా పరిశోధన వెల్లడించింది. మరుసటి నెలలో, కచ్చితమైన స్థాన సమాచారాన్ని అమ్మడం మానివేస్తామని ఆ సంస్థ ప్రకటించింది. బిడ్డ క్షేమం కోసం తల్లి పెట్టుకున్న ఏర్పాటు, ఆమెకు తెలియని చోట లెక్కల పుస్తకంలోకి ఎక్కిందన్నమాట.

చట్టం ఆగిపోయే చోటు

భారతదేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. దీని ప్రకారం 18 సంవత్సరాలు నిండనివారందరూ పిల్లలే. వారి సమాచారం తీసుకోవాలంటే సంస్థలు తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి పొందాలి. పిల్లల కదలికలను, ప్రవర్తనను కనిపెట్టి ఉండడం, వారిని గురిచేసుకొని ప్రకటనలు చూపడం కూడా, ప్రభుత్వం అనుమతించిన మినహాయింపులు తప్ప, నిషిద్ధం. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వాటిని దశలవారీగా అమలుపరిచే ఏర్పాటు చేశారు.

ఈ చట్టం మంచిదే. కాని ఇందులో ఒక విషయం గమనార్హం. ఒక వ్యక్తి తన సొంత పనికోసం, ఇంటి అవసరం కోసం సమాచారాన్ని వాడుకుంటే ఈ చట్టం వర్తించదు. సంస్థ నుండి బిడ్డను కాపాడే బాధ్యతను చట్టం తల్లిదండ్రుల చేతికి ఇచ్చింది. మరి ఆ తల్లిదండ్రులే అనాలోచితంగా బిడ్డ విషయాలను బజారున పెడితే? అక్కడ చట్టం మౌనం వహిస్తుంది. ఆ చోట కాపలా ఉండవలసింది దైవభీతి ఒక్కటే. ప్రతి వ్యక్తీ సంరక్షకుడేననీ, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి అతను జవాబు చెప్పుకోవాలనీ మహాప్రవక్త (సల్లం) బోధించిన హదీసు ప్రసిద్ధమైనది. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలని దివ్యఖుర్‌ఆన్ ఆదేశించింది (అన్నిసా: 58). సంతానం దైవం ఇచ్చిన అమానతు. బిడ్డ పేరు, ముఖం, జబ్బు, తప్పటడుగు ఇవన్నీ ఆ అమానతులో భాగాలే.

బిడ్డకూ ఒక తెర ఉంది

తెల్లవారుజాము నమాజుకు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా నమాజు తరువాత, ఈ మూడు సమయాలలో పిల్లలు సైతం పెద్దల గదిలోకి అనుమతితోనే రావాలనీ, యుక్తవయస్సు వచ్చాక ఎల్లవేళలా అనుమతి కోరాలనీ దివ్యఖుర్‌ఆన్ నిర్దేశించింది (అన్నూర్: 58, 59). ఇది పిల్లలకు నేర్పే పాఠం. అయితే ఇందులో పెద్దలు నేర్చుకోవలసినదీ ఉంది. వయస్సుతోపాటు మనిషి చుట్టూ ఉన్న తెర చిక్కబడుతుంది. ఇతరుల తెరను గౌరవించమని ఎవరికి బోధిస్తున్నామో, ఆ బిడ్డ తెరను ముందుగా గౌరవించవలసినవారు తల్లిదండ్రులే కదా!

పసితనంలో తీసిన అర్ధనగ్న చిత్రం, పరీక్ష తప్పినప్పుడు ఏడ్చిన దృశ్యం, పక్క తడిపిన సంగతి నేడు చూసేవారికి నవ్వు తెప్పించవచ్చు. పదిహేనేళ్ళ తరువాత అవే ఆ బిడ్డను తోటివారి ముందు తల దించుకునేట్లు చేయవచ్చు. ఒకసారి బయటికి వెళ్ళిన చిత్రాన్ని వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు. ఫ్రాన్సు దేశం 2024 ఫిబ్రవరిలో చేసిన చట్టంలో, బిడ్డ చిత్రాల విషయంలో తల్లిదండ్రులిద్దరూ కలిసి బాధ్యత వహించాలనీ, వయస్సునూ పరిణతినీ బట్టి బిడ్డను కూడా ఆ నిర్ణయంలో భాగస్వామిని చేయాలనీ నిర్దేశించారు. అనుమతి, సంప్రదింపు అనే సూత్రాలు ముస్లిం కుటుంబానికి కొత్తవి కావు.

బహిరంగంగా ఉన్న చిత్రం ఎవరి చేతికి చిక్కుతుందో చెప్పలేము. 2021 జూలైలో, తిరిగి 2022 జనవరిలో, భారతదేశంలోని అనేకమంది ముస్లిం మహిళల చిత్రాలను సామాజిక మాధ్యమాల నుండి దొంగిలించి, వారిని వేలానికి పెట్టినట్లు అవమానకరంగా చూపారు. నేరం పూర్తిగా ఆ దుర్మార్గులదే. ఆ సోదరీమణులను వేలెత్తి చూపడం అన్యాయం. తమను గురించి ఏది వెల్లడించాలో నిర్ణయించుకునే హక్కు వారిది. కాని ఆ నిర్ణయం తీసుకునే వయస్సు కూడా లేని చిన్నారి విషయంలో, పెద్దలు మరింత జాగ్రత్త వహించక తప్పదు.

విన్నదల్లా పంచడం

కుటుంబ గ్రూపులు పంచేవి చిత్రాలు మాత్రమే కాదు, వార్తలు కూడా. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని దేశమంతటా వాట్సాప్‌లో పుకార్లు వ్యాపించాయి. వాటితోపాటు తిరిగిన ఒక వీడియో నిజానికి పిల్లల భద్రతపై అవగాహన కోసం కరాచీలో తీసినది. చివరి భాగం కత్తిరించి దానిని నిజమైన అపహరణగా చూపారు. తల్లిదండ్రుల భయమే ఆ పుకారుకు రెక్కలయింది. ఆ ఏడాది జూలైలో హైదరాబాదు నుండి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్ళిన కొందరు యువకులు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. వారు పిల్లల దొంగలనే మాట వాట్సాప్ ద్వారా వారి కంటె ముందే తరువాతి గ్రామానికి చేరింది. గుంపు దాడిలో ఒక ముస్లిం యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. పిల్లల మీది ప్రేమతో పంపామనుకున్న సందేశాలు చివరికి ఒక అమాయకుని రక్తానికి కారణమయ్యాయి.

అదే నెలలో వాట్సాప్ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. యంత్రం పెట్టిన హద్దు ఇది. విశ్వాసికి ఇంతకంటె పూర్వమే హద్దు ఏర్పడింది. నమ్మదగనివాడు వార్త తెస్తే విచారించుకోవాలనీ, లేకుంటే తెలియక ఒక జనసమూహానికి హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ దివ్యఖుర్‌ఆన్ హెచ్చరించింది (అల్‌హుజురాత్: 6). 

కాపలా వేరు, కూపీ వేరు

పిల్లల సెల్‌ఫోనును తల్లిదండ్రులు పరిశీలించవచ్చునా అనే సందేహం తరచు కలుగుతుంది. తమనూ తమ కుటుంబాన్నీ నరకాగ్ని నుండి కాపాడుకోవలసిన బాధ్యత విశ్వాసులపై ఉంది (అత్తహ్రీమ్: 6). చిన్నపిల్లలు చూసేదేమిటో, మాట్లాడేది ఎవరితోనో తెలుసుకోవడం ఆ బాధ్యతలోనిదే. మరోవైపు అనుమానాలకు దూరంగా ఉండాలనీ, ఇతరుల గుట్టు కూపీ తీయరాదనీ కూడా ఆజ్ఞ ఉంది (అల్‌హుజురాత్: 12). బిడ్డకు చెప్పి, వయస్సుకు తగినట్లుగా నియమం పెట్టి పర్యవేక్షించడం కాపలా. ఎదిగిన కుమారుని, కుమార్తెను చాటుగా వెంబడించడం పెంపకానికి పునాది అయిన నమ్మకాన్నే కూల్చివేస్తుంది.

ఉమ్మె సులైమ్ (రజి) ఆదర్శం

సహీహ్ ముస్లింలో ఒక హృద్యమైన ఉదంతం ఉంది. బాలుడైన హజ్రత్ అనస్ (రజి) తోటి పిల్లలతో ఆడుకుంటున్నారు. మహాప్రవక్త (సల్లం) వచ్చి పిల్లలందరికీ సలాం చెప్పి, అనస్‌ను ఒక పనిమీద పంపారు. ఇంటికి చేరడం ఆలస్యమయింది. తల్లి ఉమ్మె సులైమ్ (రజి) కారణం అడిగారు. పని మీద వెళ్ళానని బాలుడు చెప్పాడు. ఏమి పని అని అడిగితే, అది రహస్యమని బదులిచ్చాడు. ఆ తల్లి గద్దించలేదు, బుజ్జగించి రాబట్టనూ లేదు. దైవప్రవక్త రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని తానే కుమారునికి బోధించారు. ఎన్నో ఏళ్ళ తరువాత కూడా హజ్రత్ అనస్ (రజి) ఆ రహస్యాన్ని తన ప్రియశిష్యునికైనా వెల్లడించలేదు.

తల్లి తన ఆసక్తిని అణచుకొని బిడ్డ మౌనాన్ని గౌరవించింది. ఆ బిడ్డ జీవితాంతం నమ్మదగినవాడయ్యాడు. నేటి తల్లిదండ్రులకు ఇంతకంటె మంచి పాఠం ఏముంది? ఈ ఆదర్శాన్ని అనుసరించేవారు కొన్ని అలవాట్లు చేసుకోవచ్చు. బిడ్డ చిత్రం పంపే ముందు, ఊహ తెలిసిన బిడ్డ అయితే అడగడం, పసిబిడ్డ అయితే భార్యాభర్తలు సంప్రదించుకోవడం మొదటిది. పాఠశాల పేరు, రోజూ వెళ్ళే దారి, పుట్టినతేదీ బహిరంగపరచకపోవడం రెండవది. సలహా అడిగేటప్పుడు సమస్యను చెప్పి పేరును దాచడం, భర్త లోపాలను గానీ అత్తగారి తప్పులను గానీ పదిమందిలో పెట్టకపోవడం మూడవది. అది ఎదుట లేనివారిని గురించి చెడుగా చెప్పడమే అవుతుంది. వైద్య విషయంలో ఇతర తల్లుల అనుభవం విన్నా, మందు మాత్రం వైద్యుని అడిగే వాడడం నాల్గవది. నిర్ధారణ కాని వార్తను తన వద్దనే ఆపివేయడం అయిదవది.

చెవి, కన్ను, హృదయం అన్నింటినీ గురించి విచారణ జరుగుతుందని దివ్యఖుర్‌ఆన్ తెలిపింది (బనీ ఇస్రాయీల్: 36). సెల్‌ఫోను పట్టిన వేలు ఈ మూడింటి సేవకురాలే. ఒక చిత్రాన్ని పంపే ముందు ఆ వేలు ఒక్క క్షణం ఆగి అనుమతి కోరితే, ఇస్తీజాన్ నియమం ఆ ఇంట ఇంకా సజీవంగా ఉన్నట్లే. తమకు అప్పగించిన అమానతులను కాపాడుకునే భాగ్యాన్ని అల్లాహ్ ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ ప్రసాదించుగాక! ఆమీన్.