సాంచ అని వెతికితే పాత అర్థమే ఎందుకొచ్చింది?

పోయిన నెల భీవండి పద్మనగర్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసిండు. "సాంచ అంటే మూస అని ఎవడు చెప్పిండు బిడ్డా? సాంచ అంటే మగ్గం, కరెంటు మగ్గం" అన్నడు. నిజమే. హిందీలో ఆ మాటకు మూస అనే అర్థముంది, మేం దాన్నే దింపుకున్నం. సిరిసిల్లలో కూడా మరమగ్గాన్ని సాంచ అనే అంటరు. అదే రోజు సరిదిద్దినం. వారం తర్వాత ఆయన మనవరాలు వెతికితే మళ్లీ "మూస" అనే వచ్చింది. పదం పేజీలో కొత్త అర్థం, వెతుకులాటలో పాతది. ఆ పిల్ల కాలేజీ వ్యాసంలో పాతదే రాసుకపోయింది.

మన పదాలుండే చోటు వేరు, వెతికే చోటు వేరు. పదాలు మోంగోడీబీలో ఉంటయి, ఒక్కో పదానికి ఒక్కో పత్రం. వెతికేది ఎలాస్టిక్‌సెర్చ్. అది పుస్తకం చివర ఉండే పదసూచి లాంటిది: ఏ మాట ఏ పత్రంలో ఉందో ముందే రాసి పెట్టుకుంటది. లోపలి పేజీ మారిస్తే సూచి దానంతట అది మారదు గదా. భద్రిరాజు కృష్ణమూర్తిగారి చేనేత వృత్తిపదకోశం 1971లో వచ్చింది. అచ్చు పుస్తకం గనుక దానికి ఈ తిప్పలు లేవు.

మా ప్రోగ్రాము రెండు చోట్లా ఒకదాని తర్వాత ఒకటి రాసేది. మొదటిది రాసింది, రెండోది రాసేలోపు నెట్ పోయింది. అంతే, ఎవరికీ తెల్వలే.

ఇప్పుడు డేటాబేసులో మాత్రమే రాస్తున్నం. మోంగోడీబీ ప్రతి మార్పునూ ఆప్‌లాగ్ అనే చిట్టాలో వరుసగా ఎక్కిస్తది. 2017లో వచ్చిన 3.6 వర్షన్ నుంచి చేంజ్ స్ట్రీమ్ ద్వారా ఆ మార్పులను వినొచ్చు. ఒక చిన్న ప్రోగ్రాము వాటిని వింటూ సూచికి చేరవేస్తది. ప్రతి మార్పుతోపాటు రెజ్యూమ్ టోకెన్ అనే గుర్తు వస్తది. సాంచ మీద పేక తెగితే మగ్గం ఆగుతది. నేతగాడు కొంచెం వెనక్కి తిప్పి, తెగిన పోగు దగ్గర్నుంచే మళ్లా నడుపుతడు, లేకుంటే గుడ్డలో సందు పడుతది. టోకెన్ పని కూడా అదే. కాకపోతే సూచిలో రాయడం అయినంకనే టోకెన్ దాచుకోవాలె. ముందే దాచుకుంటే మధ్యలో ఆగిన మార్పు పోయినట్టే. ఒకే మార్పు రెండుసార్లు రాసినా నష్టం లేదు, రెండు చోట్లా పత్రం గుర్తింపు సంఖ్య ఒక్కటే ఉండాలె. పదం తీసేసినప్పుడు మామూలుగా ఆ సంఖ్య తప్ప ఇంకేం రాదు మరి.

చిట్టాకు హద్దుంది, పాతవి చెరిగిపోతుంటయి. వినే ప్రోగ్రాము చాలారోజులు ఆగితే టోకెన్ పనికిరాదు, సూచి మొత్తం కొత్తగా కట్టుకోవాల్సిందే.

అందుకే వారానికోసారి రెండింటినీ సరిచూస్తున్నం. వికీపీడియా వెతుకులాటకు వాడే సిరస్‌సెర్చ్‌లో కూడా ఇట్లాంటి ఏర్పాటుంది. పత్రాల లెక్క సరిపోతే చాలదు. సాంచ విషయంలో రెండు చోట్లా లెక్క ఒక్కటే! ప్రతి పత్రం ఎన్నోసారి మారిందో ఆ సంఖ్య కూడా పోల్చాలె. మొదటిసారి పోల్చినప్పుడు సాంచతోపాటు కండె, నాడె కూడా పాతవే బయటపడ్డయి.